అడ్డు లేకపోతే సీను లేదు

ప్రేమ నవలలు రాసేవాళ్ళని అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఎంతవరకు రాయొచ్చు? కొత్తగా కలం పట్టిన పిల్లలు అడుగుతారు. పత్రికల వాళ్ళు అడుగుతారు. పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్న చుట్టాలు ముసిముసిగా నవ్వుతూ అడుగుతారు. ముద్దు దాకానా, గది గుమ్మం దాకానా, మంచం దాకానా అని వాళ్ళ ఉద్దేశం. నేను మాత్రం సీను మొదలుపెట్టే ముందు వేరే ప్రశ్న వేసుకుంటాను. వీళ్ళిద్దరూ ఇప్పటిదాకా ఎందుకు ఆగారు? ఆపినదేదో తెలిసి, దాన్ని ఎవరు ముందు దాటతారో తెలిస్తే సీను దానంతటదే నడుస్తుంది. తెలియకపోతే ఎంత వెన్నెల కురిపించినా చదివే ఆవిడ పేజీ తిప్పేసి, తర్వాతి భాగంలో అత్తగారు ఏమందో చూసుకుంటుంది. ఆ ఆపేదాన్ని నేను 'అడ్డు' అంటాను. నా వృత్తంతా దాని చుట్టూ తిరిగింది.

నేను ఈ పని నేర్చుకున్న బడి అద్దె పుస్తకాల కొట్టు. అట్టలు ఊడిపోయి, దారంతో కుట్టి, లోపల కొట్టువాడి రబ్బరు స్టాంపు పడ్డ నవలలు. వాటిలో మంచి సీను ఎక్కడుందో వెతకనక్కర్లేదు. ఎక్కువమంది ఆగి చదివిన చోట కాగితం నలిగి, అంచులు నల్లబడి ఉండేవి. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' అలాగే నలిగిన ప్రతి చదివాను. బాగా మాసినవి కౌగిలింతల పేజీలు అయ్యుంటాయనుకుంటాం. అసలు ఆవిడ నవలల్లో ఒకరినొకరు తాకడమే తక్కువ. హీరో రాజశేఖరానికి హీరోయిన్ జయంతి ఎదురు సమాధానం చెప్పిన పేజీలే నల్లబడి ఉన్నాయి. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా వచ్చాక కూడా జనం పుస్తకం కోసం కొట్టు చుట్టూ తిరిగారంటే, ఆ మాటల మధ్య దాచిన ప్రేమ కోసమే. అతనికి డబ్బుంది, కారుంది, హోదా ఉంది. ఆమెకి ఉన్నది ఆత్మాభిమానం. ఆమె అతని దగ్గరికి ఒక్క అడుగు వేయాలంటే ముందు దాన్ని ఎక్కడో ఒకచోట దించి పెట్టాలి. దించదు. దించకుండా ఎలా వెళ్తుందా అని మనం రాత్రి దీపం ఆర్పకుండా కూర్చుంటాం.

తర్వాత ప్రబంధాలు చదివితే ఇదేమీ కొత్త సూత్రం కాదని అర్థమైంది. పెద్దన గారి 'మనుచరిత్ర'లో ప్రవరుడు హిమాలయాల్లో దారి తప్పి, ఇంటికి దారి చెప్పమని వరూధినిని అడుగుతాడు. ఆమె దారి చెప్పదు. నీకు అన్నీ తెలుసు, నాతో మాట కలపడానికే అడుగుతున్నావన్న ధోరణిలో జవాబిస్తుంది. ఒకరు అడిగింది ఒకటి, రెండోవారు పలికింది ఇంకొకటి. ప్రేమ సంభాషణ రాయడానికి ఇంతకు మించిన పాఠం నాకు ఎక్కడా దొరకలేదు. అడిగినదానికి సూటిగా సమాధానం వచ్చిందంటే అది బ్యాంకు కౌంటరు దగ్గర సంభాషణ అయిపోతుంది. మనసులో వేరే మాట ఉన్నవాళ్ళు పక్క మాటకి జవాబిస్తారు. "భోంచేశావా?" అంటే "వాన పడేట్టుంది" అంటారు.

18వ శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజుల కొలువులో ఉన్న ముద్దుపళని ఇంకా గడుసుది. 'రాధికా సాంత్వనము'లో రాధ తాను పెంచిన ఇళను కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. ఇద్దరికీ బుద్ధులు చెప్పి గదిలోకి పంపుతుంది. పంపాక తాను కుమిలిపోతుంది. కృష్ణుడు తిరిగొచ్చి ఆమెను ఊరడించాల్సి వస్తుంది. బెంగుళూరు నాగరత్నమ్మ గారు 1910లో ఆ కావ్యాన్ని పరిష్కరించి అచ్చు వేయిస్తే అప్పటి ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం గారి హయాంలో ఆ నిషేధం పోయింది. 1952లో వావిళ్ళ వారు మళ్ళీ అచ్చు వేశారు. నిషేధించినవాళ్ళు వర్ణనలు చూశారు. నేను చూసింది రాధ పెట్టుకున్న అడ్డు. ఎవరూ బలవంతం చేయలేదు, తన చేత్తో తానే అడ్డు కట్టుకుంది. తర్వాత దాన్ని దాటలేకపోయింది. శృంగారం పచ్చిగా ఉన్నా అది మనిషి బాధగానే మిగిలిందంటే కారణం అదే.

వీక్లీలకు సీరియల్ రాయడం మొదలుపెట్టాక పాఠం అక్షరాల్లోకి దిగింది. వారానికింత అని పేజీలు ముందే లెక్క. బొమ్మ వేసే ఆర్టిస్టుగారు నా కాగితాలు చేతికందకముందే ఫోన్ చేసేవారు: "అమ్మా, ఈ వారం ఏం సీను? చీర రంగేమిటి?" నేను చెప్పిన రెండు ముక్కలతో ఆయన బొమ్మ వేసేసేవారు. చాలాసార్లు హీరో చెయ్యి హీరోయిన్ భుజం మీద ఉండేది, నా కథలో ఇంకా ఆ చెయ్యి లేవకముందే. చదివేవాళ్ళు ముందు బొమ్మే చూస్తారు కదా! తాకబోతున్నాడన్న సంగతి మొదటి వాక్యానికి ముందే తెలిసిపోయేది. కాబట్టి తాకడాన్ని నమ్ముకుని సీను కట్టడానికి లేకుండా పోయింది. తాకిన తర్వాత ఎవరు ఏమంటారన్న దాని మీద కట్టడం అలవాటైంది. ఆ ఆర్టిస్టుగారికి నేను ఎంతో రుణపడి ఉన్నాను, ఆయనకి ఆ సంగతి తెలియదు.

ఎడిటర్లతో ఉండే తంటా వేరు. ఒకాయన "సంసారపక్షంగా ఉండాలమ్మా, ఇంట్లో అందరూ చదువుతారు" అనేవారు. సర్క్యులేషన్ పడిపోయిన నెలలో ఆయనే "కాస్త ఘాటు పెంచండి" అనేవారు. రెంటికీ నేను చేసేది ఒకటే, అడ్డుని పెంచేదాన్ని. ఘాటు కావాలన్నాయనా సంతోషించేవారు, సంసారపక్షం కావాలన్నాయనా సంతోషించేవారు. ఇద్దరూ ఒకరే కాబట్టి నాకు సులువైంది.

ఇక మాటల సంగతి. శరీరం గురించి తెలుగులో రాయడం కొంచెం ఇరుకు వ్యవహారం. ఒక పక్క అధరం, పరిష్వంగం, పులకాంకురం వంటి ప్రబంధ పదాలు. ఇంకో పక్క వీధి కుళాయి దగ్గర తిట్టుకునే మాటలు. మొదటివి రాస్తే ఇద్దరూ నాటకం వేషాల్లో ఉన్నట్టుంటుంది. రెండోవి రాస్తే ప్రేమ ఎగిరిపోతుంది. అందుకని నేను ఇంట్లో అందరి ముందూ పలికే అవయవాలతోనే పని నడుపుతాను: మణికట్టు, మెడ, చెవి, మడమ, వేలి కణుపు. వీటికి తోడు వస్తువులు. మన ఆడవాళ్ళు మంగళసూత్రానికి పిన్నీసులు గుచ్చుకుంటారు, అవసరానికి పనికొస్తాయని. దగ్గరికి తీసుకున్నప్పుడు ఆ పిన్నీసు పొడుచుకుంటుంది. సినిమాలో ఎప్పుడూ పొడుచుకోదు, ఇంట్లో తప్పకుండా పొడుచుకుంటుంది. "అబ్బా" అన్నాక ఇద్దరూ నవ్వుకుంటే ఆ జంట గట్టిది. అతను విసుక్కుంటే ముందుముందు కథలో కష్టాలున్నాయి. ఒక్క పిన్నీసుతో రెండు పేజీల వర్ణన మిగులుతుంది. పెళ్ళయినవాళ్ళ మధ్య నవ్వులాటని కథ చేయొచ్చన్న ధైర్యం నాలాంటి చాలామందికి స్వాతి వీక్లీ సరసమైన కథల పోటీల వల్ల వచ్చింది. నవ్వగలిగినవాళ్ళే పడకగదిలో మనుషుల్లా కనిపిస్తారు.

భరతుడి నాట్యశాస్త్రంలో సాత్విక భావాలు ఎనిమిది చెప్పారు. కదలకుండా నిలబడిపోవడం, చెమట పట్టడం, ఒళ్ళు గగుర్పొడవడం, గొంతు మారడం, వణకడం, ముఖం రంగు మారడం, కన్నీరు, స్పృహ తప్పడం. ఇవి మనసు కదిలితే తప్ప రావు, తెచ్చిపెట్టుకోవడం కష్టం. ప్రేమ సన్నివేశం రాసేవాళ్ళు ఈ జాబితాని రాసుకుని బల్ల ముందు అతికించుకోవాలి. మన సీరియళ్ళలో గగుర్పాటు ఒక్కదానికే ఉద్యోగం దొరికింది, మిగతా ఏడూ ఖాళీగా కూర్చున్నాయి. నాకు బాగా అక్కరకొచ్చేది గొంతు మారడం. ఫోనులో కూడా పనిచేస్తుంది. అయితే ఒక సీనుకి ఒక్కటి చాలు. దాన్ని ఎదుటి మనిషి గమనించాలి, గమనించినట్టు బయటపడకూడదు. ఆమె గొంతు మారిందని అతనికి తెలిసింది, తెలిసినట్టు ఆమెకి తెలియదు, మనకి రెండూ తెలుసు. ఇక్కడితో సీను సగం అయిపోయినట్టే.

అన్నిటికన్నా కష్టం ఏ అడ్డూ లేని జంట. కులం గొడవ లేదు, డబ్బు గొడవ లేదు, పెద్దవాళ్ళు ఒప్పుకున్నారు, పెళ్ళయిపోయింది. ఇప్పుడు ఏం రాస్తాం? ఒక నవలలో నాకు అలాంటి జంట తగిలింది. ఆమె స్కూలు టీచరు, మొదటి భర్త పోయాడు. ఆయనకి తెనాలిలో ఎరువులు, పురుగుమందుల కొట్టు. ఇద్దరూ నలభైకి దగ్గరపడ్డవాళ్ళు. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నారు. పిల్లలకీ అభ్యంతరం లేదు. నెల గడిచినా ఇద్దరి మధ్యా మర్యాద తప్ప ఏమీ లేదు. ఎందుకు లేదో నాకూ తెలియలేదు.

ఇలా ఆగిపోయినప్పుడు నేను ఆ మనిషి చేసే పని దగ్గరికి వెళ్తాను. దూరపు చుట్టాల పురుగుమందుల కొట్టు ఉంటే అక్కడికెళ్ళి కూర్చున్నాను. వ్యవసాయం పనులు ముమ్మరంగా ఉన్న రోజులు. దుగ్గిరాల వైపు పసుపు రైతులు, చుట్టుపక్కల వరి రైతులు వస్తున్నారు, పోతున్నారు. ఆకు మీద మచ్చలు చూపించి మందు అడుగుతున్నారు. ఖాతా పుస్తకంలో అప్పులు రాస్తున్నారు. అట్టపెట్టెలో ఎక్కడో ఒక సీసా మూత వదులై కారుతూనే ఉంది. గంట కూర్చునేసరికి ఆ వాసన నా చీరకి పట్టింది. ఇంటికొచ్చి తలస్నానం చేసినా పోలేదు. అడ్డు దొరికింది. ఆయన ఆమె దగ్గరికి రానిది ఇష్టం లేక కాదు, చేతుల వాసన వల్ల.

అప్పుడు సీను ఇలా వచ్చింది. ఆయన రోజూ రాత్రి స్కూటరు దిగి వీధి గుమ్మంలోంచి రాడు. పక్క సందులోంచి పెరట్లోకి పోతాడు. గోళెం దగ్గర కూర్చుని సబ్బుతో చేతులు కడుగుతాడు. నిమ్మ డిప్పతో రుద్దుతాడు. వాసన చూసుకుంటాడు. మళ్ళీ కడుగుతాడు. ఆమె వంటింటి కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉంది, అదేదో శుభ్రం అనుకుంది. ఒకరోజు రాత్రి చెంబు తీసుకుని పెరట్లోకి వచ్చింది, నీళ్ళు పోయడానికి.

"చాలు, చర్మం ఊడొస్తుంది" అంది.

"వాసన పోలేదండీ."

"నాకేం రావట్లేదే."

"మీకు జలుబు."

ఆమెకి నవ్వొచ్చింది. చెంబు గట్టు మీద పెట్టి, ఆయన కుడిచెయ్యి పట్టుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. కాసేపు అలాగే ఉంది.

"వస్తోంది" అంది. చెయ్యి మాత్రం వదల్లేదు.

అంతే సీను. ఆమె "రావట్లేదు" అని రెండోసారి అబద్ధం ఆడి ఉంటే మంచి భార్య అనిపించుకునేది, కథ చప్పబడేది. "వస్తోంది" అన్నాక చెయ్యి వదలకపోవడంలో ఉంది అంతా. ఆ రాత్రి గదిలో ఏం జరిగిందో నేను రాయలేదు. మర్నాడు పొద్దున ఆయన వీధి గదిలోంచి "స్కూటర్ తాళం ఎక్కడ పెట్టావ్?" అని కేకేస్తాడు. పెళ్ళయిన నాటి నుంచీ టీచరుగారిని అండీ, మీరు అంటున్న మనిషి. ఆమె వంటింట్లోంచి "మేకుకి చూడు" అని తిరిగి కేకేస్తుంది. రాత్రి సంగతి పాఠకులకి ఇంకా ఏం చెప్పాలి?

గది తలుపు వేయాలా, తీసి ఉంచాలా అన్న ప్రశ్నకి కూడా నా దగ్గర ఇదే కొలత. ఇద్దరిలో ఒకరు మారేది గది బయటే అయితే తలుపు వేసేస్తాను. మార్పు లోపల జరుగుతుందంటే లోపలికి వెళ్తాను, మొహమాటం లేకుండా వెళ్తాను. మొదటి రాత్రి భయంతో బిగుసుకుపోయిన అమ్మాయిని చూసి, భర్త దుప్పటి తీసుకుని కింద పడుకున్నాడనుకోండి. ఆమె అర్ధరాత్రి లేచి దిండు ఒకటి కిందికి విసిరిందనుకోండి. ఆ దిండు కోసం గదిలో ఉండాలి. ఎవరూ మారని చోట ఎంత వేడి పుట్టించినా దాన్ని తీసేస్తే కథకి లోటు ఉండదు. లోటు లేని సీనుని నేనే కొట్టేస్తాను, ఎడిటరుకి ఆ శ్రమ ఇవ్వను.

మా అత్తగారు నా సీరియళ్ళన్నీ చదివేవారు. కోడలు ఇలాంటివి రాస్తుందేమిటని ఆవిడ ఒక్కనాడూ అనలేదు. ఆవిడ ధ్యాస వేరే. "ఆ పిల్ల పొయ్యి మీద పాలు పెట్టి డాబా మీదికెళ్ళిందే, ఎవరు దింపుతారు?" అనేవారు. "ఆ అబ్బాయి ఉప్మా ప్లేటు పక్కన పెట్టాడు, తిన్నాడా లేదా?" ఇంతకన్నా పదునైన విమర్శ నేను సాహిత్య సభల్లో వినలేదు. ప్రేమలో మునిగిపోయే సమయంలో కూడా ఇల్లు నడుస్తూనే ఉంటుంది. పాలు పొంగుతాయి, మోటారు కట్టాలి, పక్కింటి పిల్లాడు బంతి కోసం వస్తాడు. మన ఇళ్ళలో ఇద్దరు మనుషులకి ఏకాంతం దొరకడమే పెద్ద సంగతి. ఎక్కడ దొరుకుతుందో రచయిత ముందే చూసుకోవాలి: బట్టలారేసే డాబా, ఆసుపత్రి వరండా, ఊళ్ళో బస్సు కోసం నిలబడే చెట్టు కింద, ఇప్పుడైతే అర్ధరాత్రి వాట్సాప్‌లో. అవతలివాళ్ళు టైపు చేస్తున్నట్టు కనిపించి, ఆగిపోయి, మళ్ళీ కనిపించి, చివరికి ఏ మెసేజీ రాకపోతే ఆ ఖాళీ పాతకాలపు ఉత్తరం కోసం ఎదురుచూపుకి ఏమాత్రం తీసిపోదు.

హీరో కూడా మారాడు. మా తొలి రోజుల్లో హీరో చెయ్యి పట్టుకు లాగేవాడు, హీరోయిన్ మొదట ఏడ్చి, నాలుగు వారాల తర్వాత ప్రేమించేది. ఇప్పుడు హాస్టలు గదిలో ఫోన్‌లో చదివే అమ్మాయి "వాడి మీద కేసు పెట్టొచ్చుగా" అంటుంది. ఆ అమ్మాయి న్యాయం మాట్లాడుతోంది, నేను దానికి పనితనం కూడా కలుపుతాను. లాగినవాడు అడ్డుని విరగ్గొడతాడు, దాటడు. విరిగాక రాయడానికి ఏమీ మిగలదు. "పట్టుకోనా?" అని అడిగినవాడు మాత్రం జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడాలి. ఆ నిలబడడంలో ఎంత సస్పెన్స్ ఉందో! అడిగితే రొమాన్స్ చచ్చిపోతుందనేవాళ్ళు అడిగి నిలబడ్డ మనిషిని ఎప్పుడూ రాసి చూడలేదని నా అనుమానం.

వీక్లీలు సన్నబడ్డాక నేనూ ఫోన్‌లోకి వచ్చాను. 2014లో బెంగుళూరులో మొదలైన ప్రతిలిపి వంటి యాప్‌లలో ఇప్పుడు తెలుగు ప్రేమకథలు రోజూ కొత్త భాగాలతో వస్తున్నాయి. వీక్లీ పాఠకురాలు మధ్యాహ్నం పనులయ్యాక చాప వేసుకుని చదివేది. ఇప్పటి పాఠకురాలు బస్సులో నిలబడి, ఆఫీసు లంచ్‌లో, పిల్లాడికి అన్నం పెడుతూ చదువుతోంది. భాగం చిన్నది, తొందర ఎక్కువ. రోజూ ఒక దగ్గరితనం కావాలని అడుగుతారు. అడిగినప్పుడల్లా ఇస్తే అడ్డు అరిగిపోతుంది. అందుకని ఒక అడ్డు దాటిస్తూనే ఇంకోటి లేపుతాను. చేతుల వాసన సంగతి తీరింది, ఇక ఆమె మొదటి భర్త ఫొటో గోడ మీద ఉండాలా వద్దా?

ఆడియో కథలు వచ్చాక ఇంకో పరీక్ష మొదలైంది. "ఆమె పెదవులు అదిరాయి" అని రాస్తే చదివే అమ్మాయి నవ్వు ఆపుకోలేక మళ్ళీ మళ్ళీ టేకులు తీసుకుంది. అచ్చులో చెల్లిన వాక్యం గొంతులో చెల్లలేదు. అప్పటినుంచి పంపే ముందు ప్రతి సీనూ పైకి చదువుకుంటాను, పక్కగదిలో మనుషులున్నా సరే. చదువుతుంటే నాకు సిగ్గేసిన చోట పెన్నుతో గీత పెడతాను. తర్వాత చూసుకుంటే అక్కడ ఎప్పుడూ ఒక అరిగిపోయిన విశేషణమే దొరుకుతుంది. విషయానికి సిగ్గుపడిన సందర్భం గుర్తు లేదు.

ఇప్పుడు రాస్తున్న నవలలో ఇద్దరికీ అరవై దాటింది. ఆమె కాకినాడలో ఒంటరిగా ఉంటుంది, కొడుకు డల్లాస్‌లో. ఆయన రిటైరైన హెడ్‌మాస్టారు, అదే వీధి. కొడుకు వీడియో కాల్‌లో "నీ ఇష్టం అమ్మా, నాకేం అభ్యంతరం లేదు" అని ఎప్పుడో చెప్పేశాడు. చెప్పి నా పని చెడగొట్టాడు. ఆమెని ఆపేది కొడుకూ కాదు, ఊరూ కాదు. మరి ఏమిటి? రోజూ ఒకే వేళకి మోగే ఆ వీడియో కాల్ వైపు నా అనుమానం పోతోంది. ఆ వేళకి ఆమె బొట్టు సర్దుకుని ఫోన్ ముందు కూర్చుంటుంది, హెడ్‌మాస్టారు ఆ వేళకే వాకింగ్‌కి పిలుస్తాడు. ఇంకా తేలలేదు. తేలేదాకా వాళ్ళిద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టను, యాప్ వాళ్ళు ఎన్నిసార్లు ఫోన్ చేసినా సరే.